అత్తమ్మ తట్ట మోసిన తోవ

కోస్గి నుంచి పరిగి, చేవెళ్ల మీదుగా వచ్చిన బస్సు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో ఆగేసరికి ఎండ ముదిరింది. చిన్నత్తమ్మ చేతిసంచితో దిగింది. అందుకోబోతే ఇవ్వలేదు. డెబ్బై దాటినా నడుం వంగలేదు. మెడ మాత్రం కాస్త ముందుకు వాలి బిగుసుకుపోయి ఉంటుంది. మా అత్తమ్మ మెడా అంతే. అది వయసు తెచ్చిన వంపు కాదని, ఏళ్ల తరబడి నెత్తిన బరువు మోసిన మనిషి మెడ అని ఈమధ్యే తెలిసింది.

చిన్నత్తమ్మ మాకు నెత్తుటి చుట్టం కాదు. అత్తమ్మతో ఒకే ఊరు, ఒకే ఈడు, ఒకే గుంపు. అత్తమ్మ దినాల నాడు ఊళ్లో పందిరి కింద నా పక్కన కూర్చుని, "మాదాపూర్ల కూలికి పోయినప్పుడు మీ అత్త..." అని మొదలుపెట్టింది. అవతల ఎవరో పెద్దాయన గట్టిగా దగ్గాడు. ఆమె నోరు మూసుకుంది. మా ఆయన తలెత్తి చూశాడు. ఆ మాట కన్నకొడుక్కీ కొత్తే.

మేమంతా ఎరిగిన అత్తమ్మ కథ చిన్నది. రెండెకరాల చెలక. ఒక ఏడు ఆముదాలు, ఒక ఏడు కందులు. పెనిమిటి తొందరగా పోయాడు. ఒక్కగానొక్క కొడుకు 1994లో వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజినీరింగ్‌లో చేరాడు. వానమీద ఆధారపడ్డ రెండెకరాలు నాలుగేళ్ల మెస్సు బిల్లు ఎలా కట్టాయన్న లెక్క ఆ కథలో లేదు. ఆ లెక్క ఉన్నది మాదాపూర్‌లో. చూపించమని అడిగితే చిన్నత్తమ్మ ఒక్క షరతు పెట్టింది. "నడిచి తిరుగుదాం. కార్ల కూసోబెడితే నాకేం యాదికి రాదు."

ఎర్ర లైను మెట్రోలో అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ నీలం లైను ఎక్కాం. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటాక ఆమె కిటికీ వైపు జరిగింది. పెద్దమ్మ గుడి పేరు వినబడగానే దండం పెట్టుకుంది. "అప్పుడు లారీల వచ్చినం. మేస్త్రీ రాత్రిపూట దించిండు. తెల్లారి చూస్తే చుట్టూ గుండ్లే. నడుమ గుంత." ఈ మెట్రో హైటెక్ సిటీ దాకా వచ్చింది 2019 మార్చి 20న. ఆమె చెప్పే గుంత 1997 నాటిది.

పాలమూరు లేబర్ అన్న పేరు దేశంలో చాలా డ్యాములకు తెలుసు. కోస్గి అప్పట్లో ఆ కరువు జిల్లాలోదే. కృష్ణ ఇవాళ్టి తెలంగాణలోకి అడుగుపెట్టేది ఆ నేల మీదుగానే అయినా, ఆ నీళ్లు అక్కడి పొలానికి ఎక్కడం చాలా ఆలస్యమైంది. గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి ఆపదలో ఉన్న ఇంటికి అడ్వాన్సు ఇస్తాడు. పెళ్లి, జబ్బు, అప్పు, ఏదైనా సరే. ఆ పైసలు తీరేదాకా ఆలుమగలు, ఒక్కోసారి పిల్లలతో సహా, మేస్త్రీ చెప్పిన చోటికి పోవాలి. తిండి ఖర్చు వారం వారం ఇస్తారు. మిగతా లెక్క మేస్త్రీ పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం చదవగలిగిన వాళ్లు గుంపులో ఉండరు. తట్ట, పార, గడ్డపార, నెత్తిన సుట్టబట్ట. ఈ సరంజామాతో పాలమూరు మనుషులు రాష్ట్రాలు దాటి వెళ్లారు. వాళ్లు కట్టిన ప్రాజెక్టుల పేర్లు మనం బడిలో వల్లె వేశాం. కట్టినవాళ్ల పేరు ఏ పాఠంలోనూ లేదు.

అత్తమ్మ మొదటి పని నాగార్జునసాగర్. ఇదీ రైల్లోనే తెలిసింది. "పదేండ్లుండొచ్చు ఇద్దరికి. చిన్న రాళ్లు మేం మోసేటోళ్లం. సగం కూలి." నెహ్రూ 1955 డిసెంబర్ 10న ఆ డ్యాముకు శంకుస్థాపన చేశాడు. అది రాతికట్టడం. 124 మీటర్ల ఎత్తుకు రాయి, సిమెంటు చాలావరకు మనుషుల నెత్తిమీదనే ఎక్కాయి. వేలమంది పరంజాల మీద బారులు తీరి తట్టలందించుకుంటున్న ఆనాటి ఫొటోలు చూశాను. వాటిలో పిల్లలు ఉన్నారేమోనని ఇప్పుడు వెతుక్కుంటున్నాను.

నేను పుట్టి పెరిగింది మిర్యాలగూడలో. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలిన ముచ్చట మా తాతయ్య పండగలా చెప్పేవాడు. జొన్నలు తిన్న ఇల్లు వరి తిన్నది ఆ తర్వాతే. మా నాన్న చదువు, నా చదువు, నా పెళ్లికి పెట్టిన బంగారం, అన్నీ ఆ కాలువ నుంచి వచ్చినవే. పెళ్లయ్యాక అత్తమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు కాఫీ కూడా తాగకుండా, "కాలువ ఏడున్నది అన్నా?" అని మా నాన్నని అడిగింది. ఆయన స్కూటర్ మీద తీసుకెళ్లాడు. మెట్లు దిగి ముఖం కడుక్కుని, దోసెడు నీళ్లు తాగి, "ఎన్ని ఎకరాలు పారుతది?" అని వివరంగా అడిగిందట. వియ్యపురాలికి కృష్ణమ్మ అంటే ఎంత భక్తో అని నాన్న ఇంటికొచ్చి మెచ్చుకున్నాడు. తను మోసిన రాళ్ల వెనక ఆగిన నీళ్లు ఎంతదూరం వెళ్లాయో చూసుకోవడానికి వెళ్లింది ఆమె. ఆ సంగతి తెలియకుండానే నాన్న కూడా పోయాడు.

హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగాం. మెట్ల దగ్గర నుంచే సైబర్ టవర్స్ చూసి చిన్నత్తమ్మ చీర కొంగు నడుముకు దోపుకుంది.

ఈ చుట్టుపక్కల అద్దాల మేడల ముందు సైబర్ టవర్స్ ఇప్పుడు పొట్టిది. పది అంతస్తులే. గుండ్రటి కట్టడం, నాలుగు భాగాలు, నడుమ ఆవరణ. ఒకప్పుడు హైదరాబాద్ అంటే చార్మినార్ తర్వాత పత్రికలు వేసే బొమ్మ ఇదే. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించాడు. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. ఊరి బయట రాళ్లగుట్టల మధ్య లేచిన ఈ ఒక్క భవనం చుట్టూ సైబరాబాద్ అనే కొత్త ఊరు పెరిగింది. రైతు బిడ్డలు, టీచర్ల బిడ్డలు, గుమస్తాల బిడ్డలు అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకుని ఈ గుమ్మం తొక్కాలని కలలు కన్న తరం మాది.

లోపలికి వెళ్లాలంటే పాసు కావాలి. చిన్నత్తమ్మకు ఆ అవసరం లేకపోయింది. ఫుట్‌పాత్ మీద నిలబడి చేత్తో చూపిస్తూ పోయింది. "గాడ మిల్లరు. గాడికెల్లి ఇసుక, కంకర మోసుడు. మొదాలు గుంత తవ్వుడు, మన్ను ఎత్తిపోసుడు. పైకి లేసినంక నీళ్లు పట్టుడు మా ఇద్దరి మీదనే పెట్టిండ్రు. మీ అత్త పైపు పట్టుకుంటే జాగ ఇడ్సకపోతుండె." బల్దియా కార్మికురాలు ఒకామె ఊడ్చే చీపురు ఆపి వింది. పక్కనుంచి ఐడీ కార్డుల పిల్లలు హెడ్‌ఫోన్లతో వెళ్లిపోతున్నారు. వాళ్ల తప్పేమీ లేదు. చెప్పేవాళ్లు ఉండాలి కదా.

నీళ్లు పట్టడం అన్న మాట దగ్గర నాకు కొండాపూర్ ఇల్లు గుర్తొచ్చింది. కొత్త ఫ్లాటులో దిగిన రోజుల్లో అత్తమ్మ తెల్లవారకముందే లేచి బాల్కనీ పిట్టగోడకు చెంబులతో నీళ్లు కొట్టేది. ఎందుకంటే, "సిమెంటుకు దప్పి ఎక్కువ బిడ్డా" అనేది. ఎవరి గృహప్రవేశానికి వెళ్లినా ముందు గోడ మీద వేలి కణుపులతో కొట్టి చెవి పెట్టేది. మా వంటింట్లో నాలుగు టైల్స్ కింద బోలు ఉందని చెప్పింది. ఏడాది తిరగకుండా ఆ నాలుగే లేచాయి. బిల్డర్ పంపిన ఇంజినీరు ఆశ్చర్యపోయాడు. పల్లెటూరి మనుషులకు ఇలాంటివి తెలుస్తాయిలే అనుకున్నాం ఇంట్లో అందరం. కాదు. అది ముప్పై ఏళ్లకు పైబడిన అనుభవం. నైపుణ్యం అని మేం ఆఫీసుల్లో దేన్ని అంటామో అది. దానికి సర్టిఫికెట్ లేదు, అంతే.

మరి కొడుక్కి ఎలా తెలియలేదు? ఇక్కడే నేను అత్తమ్మ తెలివికి లోలోపల దండం పెట్టుకున్నాను. ఆమెకు చదువు రాదు. కానీ మనియార్డర్ ఫారం మీద ఏ పోస్టాఫీసు ముద్ర పడుతుందో తెలుసు. మాదాపూర్ నుంచి పంపితే కొడుకు పట్టేస్తాడు. అందుకని బట్వాడా అయిన రోజు ఊరికి పోయే మనిషిని వెతికి, పైసలు కొంగులో ముడేసి ఇచ్చి, కోస్గి పోస్టాఫీసులో కట్టించేది. కొడుకు ఉత్తరాలు ఊరికే వచ్చేవి. చిన్నత్తమ్మ మరిది వాటిని పోగుచేసి పండక్కి తెచ్చేవాడు. జవాబు కూడా అతనే రాసేవాడు. ఈ ఏడు కందులు బాగున్నాయి, వాన సమయానికి పడ్డది అని. వాన పడని సంవత్సరం కూడా అలాగే రాశాడట. ఆ మనియార్డర్ కూపన్లు మా ఆయన దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. అన్నిటి మీదా కోస్గి ముద్రే. అమ్మ ఊరు దాటలేదనడానికి ఆయన చూపించే సాక్ష్యం అది.

ప్రారంభోత్సవం నాడు ఎక్కడున్నారని అడిగాను. "అప్పటికి మేం లేము బిడ్డా. మియాపూర్ దిక్కు అపార్టుమెంటు గుంతల ఉంటిమి. కట్టుడు అయిపోతే మాకేం పని గాడ?" ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. నాకు మాత్రం చాలాసేపు మాట రాలేదు. రిబ్బన్ కత్తిరించే వేళకు కట్టిన చేతులు ఇంకో గుంతలో ఉంటాయి. ప్రతి భవనానికీ ఇదే జరుగుతుంది.

2000లో మా ఆయనకు ఇదే సైబర్ టవర్స్‌లోని ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. నాలుగో అంతస్తు. ఊళ్లో ఫోన్ ఉన్న ఇంటికి చేసి చెప్పాడు. అవతల అత్తమ్మ ఒకే ప్రశ్న వేసింది. "గట్టిగుంటదారా ఆ బిల్డింగు?" ఈ మాట మా ఇంట్లో ఎన్నోసార్లు చెప్పుకుని నవ్వుకున్నాం. ఆ రోజు ఫోను పక్కన నిలబడ్డ మనిషి చిన్నత్తమ్మ. ఫోను పెట్టేశాక ఇద్దరూ చేను గట్టు మీద కూర్చుని నవ్వి, తర్వాత ఏడ్చారట. "నాలుగో స్లాబుకు మాల్ మోసిన దినం జ్వరముండె దానికి" అని చిన్నత్తమ్మ ఎత్తుకుంటే అత్తమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఎవ్వరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది.

"ఎందుకు చిన్నత్తమ్మా? నామోషీనా?"

ఆమెకు కోపమొచ్చింది. "నామోషీ దానికేడిది? దగ్గిన ముసలాయనకుండె నామోషీ. మీ అత్త ఏమన్నదో చెప్పాల్నా? చెప్తే వాడు ఆ మెట్లెట్ల ఎక్కుతడే, ఒక్కొక్క మెట్టు మా అమ్మ నెత్తిమీదికెల్లి వచ్చిందని తండ్లాడుతడు, కాలు పడుతదా వానికి, అన్నది. ఎక్కనియ్యె వాణ్ని, అన్నది."

దాచుకున్న గతం అనగానే మనకు అవమానమో, పాపమో తోస్తుంది. నా పెళ్లి మాటలప్పుడు మా వాళ్లు భూమి ఎంత, ఇల్లు ఎట్లాంటిది అని అడిగిన మాట నిజం. కూలి అని తెలిస్తే ముఖాలు మారేవన్నదీ నిజమే. అలాంటి లోకంలో ఆమె దాచింది సిగ్గుతో కాదు. కొడుకు భుజం మీద ఋణం పడకూడదని. నేను విన్న తల్లి ప్రేమల్లో ఇంత లెక్కగా, ఇంత గట్టిగా పోసిన ప్రేమ మరొకటి లేదు.

మధ్యాహ్నం దుర్గం చెరువు గట్టున చిన్నత్తమ్మ సంచి విప్పింది. జొన్నరొట్టె, పచ్చి మిరపకాయ తొక్కు. కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండ కోటకు తాగునీళ్లు ఇచ్చిన చెరువు ఇదని చెబుతారు. గుంపుకు పని లేని దినం బట్టలుతుక్కున్నది ఇక్కడే. పైన తీగల వంతెన. 2020 సెప్టెంబర్ 25న తెరిచారు, నడిమి భాగం 234 మీటర్లు. చిన్నత్తమ్మ వంతెన కంటే గుండ్లనే ఎక్కువసేపు చూసింది. ఈ దక్కన్ గ్రానైట్ వయసు 250 కోట్ల ఏళ్లంటారు. వడ్డెరలు వాటిని సమ్మెటలతో పగలగొడితే, పాలమూరు గుంపులు ముక్కలెత్తిపోశాయి. గుండ్లు కాపాడాలని నగరంలో ఒక సంఘమే 1996లో పుట్టింది. వాళ్ల ఆవేదన న్యాయమైనది. ఆ గుండు పగిలిన రోజున దాని కింద నిలబడ్డ మనిషి గురించి కూడా అంతే ఆవేదన ఉండాలని నా కోరిక.

అక్కడి నుంచి రాయదుర్గం, నాలెడ్జ్ సిటీ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ మీదుగా ఆటోలో కోకాపేట. నడక షరతు ఆమే సడలించింది, మోకాళ్లు ఒప్పుకోలేదు. 2023 ఆగస్టులో ఇక్కడ ఒక ప్లాటు వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. నలభై, యాభై అంతస్తుల టవర్లు లేస్తున్నాయి. వాటి వెనక రేకుల గదుల వరుసలు. ఇప్పుడు అక్కడ వినిపించేది పాలమూరు మాట కాదు. ఒడియా, భోజ్‌పురి, బెంగాలీ. పంపు కాంక్రీటును పైకి తోస్తుంది, క్రేను చువ్వలు ఎత్తుతుంది. అయినా తట్ట పోలేదు.

చట్టాలు వచ్చాయి. రాష్ట్రం దాటి వెళ్లే కూలీల కోసం 1979లో ఒకటి, భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో ఒకటి. నిర్మాణ వ్యయంలో కనీసం ఒక శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి పెట్టాలన్నారు. యాభైమందికి పైగా ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లలకు గది ఉండాలన్నారు. అత్తమ్మ సైబర్ టవర్స్ గుంతలో దిగేనాటికి ఈ రెండో చట్టం పుట్టి ఏడాదైనా నిండిందో లేదో. ఆమెకు ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు. చివరిదాకా ఏ కార్డూ లేదు. చట్టం రాయడానికి పట్టిన శ్రద్ధలో సగం, దాన్ని ఈ రేకుల గదుల దాకా మోసుకురావడానికి పట్టి ఉంటే బాగుండేది.

ఒక గేటు పక్కన ఒడిశా అమ్మాయి, పాతికేళ్లు కూడా ఉండవు, చీర ఉయ్యాలలో బిడ్డను ఊపి తట్ట ఎత్తబోతోంది. చిన్నత్తమ్మ గబగబా వెళ్లి ఆపింది. ఆ పిల్ల నెత్తిమీద తువ్వాల తీసి, దులిపి, పొడుగ్గా మెలిపెట్టి, అరచేతి చుట్టూ చుట్టి, కొస లోపలికి దోపి, నడినెత్తికి కాస్త ముందుగా పెట్టింది. మెడ ఎక్కడ నిలపాలో గడ్డం పట్టుకుని చూపించింది. ఒక్క మాట కలవలేదు ఇద్దరికీ. ఆ పిల్ల తట్ట ఎత్తుకుని రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి నవ్వింది. "ఎనక పెట్టుకుంటే పదేండ్లకు మెడ పడిపోతది" అంది చిన్నత్తమ్మ నాతో. "మీ అత్తనే నేర్పింది నాకు, సాగర్ల."

ఈ మనుషులు మన ఊళ్లో ఉన్నారని నగరం మొత్తానికి ఒకేసారి తెలిసింది 2020 వేసవిలో. లాక్‌డౌన్‌లో పని ఆగి, చేతిలో పైసలు లేక, వందల మైళ్లు నడవడానికి బయలుదేరినప్పుడు. దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు ఇక్కడికి దగ్గర్లోని లింగంపల్లి నుంచే, ఆ మే 1 తెల్లవారుజామున, సుమారు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. ఆ వార్త టీవీలో వస్తుంటే అత్తమ్మ సోఫాలోంచి లేచి నిలబడి చూసింది. మూటలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లను పేరుపేరునా తెలిసినట్టు చూసింది. ఆ పూట అన్నం తినలేదు. మేం కరోనా భయం అనుకున్నాం.

సాయంత్రం రాయదుర్గం స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డప్పుడు మా ఆయన ఫోన్ చేశాడు. పొద్దుటి నుంచి చేయాలని ఆగినట్టున్నాడు. చిన్నత్తమ్మకు ఇమ్మన్నాడు. స్పీకర్ పెట్టాను.

"చిన్నమ్మా, అమ్మ ఏ దిక్కు పనిచేసింది?"

చిన్నత్తమ్మ నా వైపు చూసింది. ఒట్టు వేయించుకున్న మనిషి ఇప్పుడు లేదు. అడిగేవాడు యాభై దాటిన మనిషి, ఆ మెట్లు దిగి వచ్చేసి కూడా చాలా ఏళ్లయింది. ఆమె చప్పున జవాబు చెప్పలేదు. రైలు వచ్చి తలుపులు తెరుచుకున్నా కదల్లేదు. నేనూ తొందర పెట్టలేదు.

"ఇది ఫోన్ల చెప్పే ముచ్చట కాదు నాయినా" అంది చివరికి. "కంది కోతకు ఊరికి రా. ఆ కూపన్లున్నయంట గద, అవి గూడ పట్టుకరా. ఏ కూపను ఏ పనిదో ఒక్కొక్కటి చెప్త."

వస్తానన్నాడు. ఆమె ఫోను నా చేతికిచ్చి, కోస్గికి ఆఖరు బస్సు ఎన్నింటికో అడిగింది.